రెండున్నర కిలోల తక్కువ

మా మాదిగపల్లె చరిత్ర రాయాలంటే కొలతల చరిత్ర రాయాలి. కూలికి గింజలు కొలిచే కుంచం ఒకటి, అప్పుకిచ్చిన గింజలు తిరిగి కొలుచుకునే కుంచం ఇంకొకటి అని మా నాయనమ్మ చెప్పేది. మొదటిదాని అడుగు లోపలికి పొంగి ఉండేదంట. రెండోదానికి పైన గోపురం కట్టి పొయ్యాలంట. మంచినీళ్ల బావికి మేం ఎంత ఎడంగా నిలబడాలో ఒక కొలత. టీకొట్టు కాడ మా గ్లాసులోకి ఎంత ఎత్తునుంచి పొయ్యాలో ఒక కొలత. ఇవన్నీ మనవాళ్లు రాశారు, ఇంకా రాస్తారు. మనం పెద్దగా రాసుకోని కొలత ఒకటుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు చొక్కా విప్పి మిలటరీ సెలక్షన్‌లో నిలబడితే వాడి ఎత్తూ, ఛాతీ, బరువూ తేల్చే కొలత. అందులో మోసం లేదంటారు. తూకం మిషను కులం అడగదంటారు. నిజమే, అడగదు. తాను చూపించే అంకె ఎక్కడినుంచి వచ్చిందో కూడా అది అడగదు. అది అడగని ప్రశ్న నేను అడుగుతున్నా.

ముందు లెక్కలు చెప్తా. అగ్నిపథ్ రాకముందు చాలా ఏళ్లపాటు ఆంధ్రా, తమిళనాడు, కర్ణాటక, కేరళ కుర్రాళ్లకి సిపాయి ఉద్యోగానికి పెట్టిన లెక్క ఇది. ఎత్తు 166 సెంటీమీటర్లు. ఛాతీ 77, ఊపిరి బిగిస్తే ఇంకో 5. బరువు 50 కిలోలు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తితే 60 మార్కులు. బీము పట్టుకుని పదిసార్లు ఒళ్లు పైకి లాగితే 40 మార్కులు. తొమ్మిదడుగుల గుంట దూకాలి. పంజాబు, హర్యానా వాళ్లకి ఎత్తు 170, గూర్ఖాలకి 157, గిరిజనులకి 162. మరి మాల మాదిగలకి? మాకు వేరే లెక్క లేదు, మిలటరీ భర్తీలో మాకు రిజర్వేషనూ లేదు. పోనీ పోలీసు కానిస్టేబులుకి పోదామంటే ఎత్తు 167.6, ఛాతీ 86.3. ఏజెన్సీ గిరిజనులకి సడలింపు ఉంది, మాకు లేదు. నేను సడలింపు అడగటానికి ఇది రాయట్లేదు. ఆ అంకెలకి మా ఒళ్లు ఎందుకు అందలేదో తెలుసుకోవాలనే రాస్తున్నా.

అసలు మాకు మిలటరీ ఎందుకని అడిగే మేధావులున్నారు. వాళ్లకి 1985 జూలై 17 గుర్తుచేస్తా. ఆ రోజు కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినోళ్లు పిల్లాపాపలతో చీరాలకి పరిగెత్తుకొచ్చారు. నాకప్పుడు పన్నెండేళ్లు. మా పల్లెలో ఆ రాత్రి దీపాలు పెట్టలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మాలల్ని చంపారు. అప్పటికి నేను ఇంటర్ అయిపోయి పత్తిచేలో మందు కొడుతున్నా. మా ఈడు కుర్రాళ్లం సాయంత్రంపూట సాగరు కాలవ కట్ట మీద కూర్చుని ఒకటే మాట్లాడుకునేవాళ్లం. ఒంటిమీద యూనిఫారం ఉన్నోణ్ణి కొట్టడానికి ఎవడైనా ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. మాకు కావల్సింది ఆ ఒక్క నిమిషం. దేశభక్తి మాకు లేదని కాదు, దానికంటే ముందు ఇది ఉంది.

1992లో మా పల్లెనుంచి నలుగురం గుంటూరు పోయాం. బస్సుకి డబ్బుల్లేక మిర్చి లారీ ఎక్కాం. టిక్కీలు ఎత్తిస్తే ఎక్కించుకుంటానన్నాడు డ్రైవరు. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైమాటే. రాత్రి పదకొండు దాకా ఎత్తాం. తెల్లారుజామున ఒక్కొక్కరం ఆరేసి అరటిపళ్లు తిని, చెంబు మీద చెంబు నీళ్లు తాగాం. అట్టా చేస్తే కిలో పెరుగుద్దని ఊళ్లో రిటైరయిన హవల్దారు చెప్పాడు. పరుగులో నేను ముందు గుంపులో వచ్చా. మేం నలుగురం ఉత్తకాళ్లతోనే పరిగెత్తాం. ఎత్తు సరిపోయింది. ఛాతీ గీత మీద నిలబడింది. మిషనెక్కితే ముల్లు నలభై ఏడున్నర కాడ ఆగింది. ఉచ్చ ఆపుకుని నిలబడ్డా కూడా అంతే. కొలిచేవాడు చెడ్డోడేం కాదు, మళ్లీ ఒకసారి ఎక్కమన్నాడు. మళ్లీ అదే అంకె. "బాహర్" అన్నాడు.

నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి ఒకటుంది. నా బరువుకి దగ్గర దగ్గరగా ఉన్న టిక్కీల్ని రాత్రంతా లారీకి ఎత్తినోణ్ణి నేను. పదిహేను లీటర్ల మందు డబ్బా వీపుకి కట్టుకుని రోజుకి రెండెకరాలు తిరిగినోణ్ణి. మొయ్యటానికి పనికొచ్చిన ఒళ్లు, తూకానికి వచ్చేసరికి పనికిరాకుండా పోయింది.

ఇంటికొచ్చి చెప్తే మా అయ్య ఏం మాట్లాడలేదు. అమ్మ మాత్రం పొయ్యి కాడినుంచి లేవకుండానే అంది: "నా పాలు చాల్లేదు నాయనా. నువ్వు కడుపులో ఉండగా మిరపకోతలకి పోయా. నువ్వు పుట్టినాక ఇరవయ్యో రోజుకి మళ్లీ పోయా. గట్టు మీద నిన్ను పండేస్తే ఆ ఘాటుకి ఏడ్చి ఏడ్చి పాలు తాగేవాడివి కాదు. ఆ రెండున్నర కిలోలు నేను ఎగ్గొట్టినయ్యేరా." నేను కాదన్నా. ఎందుకు కాదో చెప్పే చదువు అప్పుడు నాకు లేదు. తర్వాత బి.ఎడ్. చేసి సోషల్ టీచరునయ్యా. పుస్తకాలు చదివే తీరిక దొరికింది. 2011లో అమ్మ పోయిందాకా ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు. ఈ చరిత్ర ఆమెకి చెప్పాల్సిన జవాబు.

సైన్యం మాకు కొత్తది కాదు. ఉత్తరాదిన కంపెనీ సిపాయిల్ని చాలాకాలం 'తిలంగా'లని పిలిచేవాళ్లు. ఆ మాట మన తెలుగోళ్ల పేరునుంచి వచ్చిందే. మద్రాసు సైన్యంలో పరయలు మొదలైన అంటరాని కులాలవాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. ఆ సైన్యమే ఇంగ్లీషోడికి దక్షిణాదిని గెలిచిపెట్టింది. మరి అదే సైన్యంలోంచి మనోళ్లు ఎప్పుడు, ఎట్టా బయటికి పోయారు?

దానికి ముందు కరువుల మాట చెప్పాలి. 1832-33లో గుంటూరు సీమకి వచ్చింది నందన కరువు, డొక్కల కరువన్నా అదే. అయిదు లక్షల జనంలో లక్షన్నరకి తక్కువ కాకుండా చచ్చారని అంచనా. ఎముకలు తేలిన డొక్కలే ఒక కరువుకి పేరయినాయి. ఆ తర్వాత 1876-78లో ధాత కరువు. ఖర్చు తగ్గించమని పైనుంచి రిచర్డ్ టెంపుల్‌ని పంపారు. 1877 జనవరిలో ఆయన కరువుపనుల కూలి తేల్చాడు. మగోడికి రోజుకి ఒక పౌను గింజలు, పైన ఒక అణా. ఆడవాళ్లకి, పిల్లలకి ఇంకా తక్కువ. పౌనంటే నాలుగొందల యాభై గ్రాములు. పొద్దుటినుంచి సందేళ దాకా మట్టి తవ్వే మనిషికి అది! మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్, ఇంగ్లీషోడయ్యుండీ ఎదురు తిరిగాడు. ఈ తిండితో పనిచేస్తే మనుషులు చస్తారన్నాడు. కొన్ని నెలలకి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికే చచ్చినోళ్లు చచ్చారు.

ఒంగోలు మాదిగలకి ఈ కరువు ఇంకో రకంగా గుర్తు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని మనోళ్లకి పని చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెని మిషనోళ్లు తమ విజయంగా రాసుకున్నారు. హిందూ పెద్దలు గంజికి మతం అమ్ముకున్నారని ఎగతాళి చేశారు. ఇద్దరూ తలకాయలే లెక్కపెట్టారు. నీళ్లలోకి దిగిన ఆ 2,222 మందిలో ఒక్కొక్కరు ఎంత బరువున్నారో ఎవరూ రాయలేదు.

ఇక్కడినుంచి జాగ్రత్తగా చదవండి. కరువు ముగిసిన మూడేళ్లకి, 1881లో, ఫ్రెడరిక్ రాబర్ట్స్ మద్రాసు సైన్యానికి సర్వసేనాని అయ్యాడు. 1885లో మొత్తం భారత సైన్యానికే అయ్యాడు. దక్షిణాదిలో దీర్ఘకాలం శాంతి ఉండబట్టి ఇక్కడి మనుషుల్లో పోరాట గుణం చచ్చిపోయిందని ఆయన తేల్చాడు. 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం ఊపందుకుంది. ఫలితం అంకెల్లో చూడండి. 1862లో మద్రాసు పదాతి పటాలాలు 40. 1892కి 25. 1914కి 11. అదే కాలంలో పంజాబు, వాయవ్య సరిహద్దు పటాలాలు 28 నుంచి 57కి, గూర్ఖా పటాలాలు 5 నుంచి 20కి పెరిగాయి. ధాత కరువులో డొక్కలెండిన తల్లికి పుట్టినోడికి 1897కి ఇరవై ఏళ్లు. వాడు సైన్యంలో చేరే ఈడుకి వచ్చేసరికి తలుపులు మూసుకుపోతున్నాయి. పౌను గింజలతో బతికించిన ప్రభుత్వమే ఇరవై ఏళ్లలో నీ జాతిలో మగతనం లేదంది. శాంతి అట రాబర్ట్స్ దొర చూసింది! కరువుని శాంతి అని చదివాడాయన.

మహారాష్ట్రలో మహార్లకీ అదే గతి పట్టింది. 1890లలో వాళ్లకీ సైన్యం మూసేశారు. గోపాల్ బాబా వలంగ్కర్ అర్జీ పెట్టినా వినలేదు. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సక్‌పాల్ సైన్యంలో సుబేదారు, మిలటరీ బడిలో పంతులు. ఆ కొలువువల్లే ఆ ఇంట్లో చదువుంది. సైన్యం మూసేయటమంటే జీతం ఒక్కటే పోవటం కాదు, పిల్లల బడి కూడా పోవటం. మన సీమలో అట్టా ఎన్ని ఇళ్లల్లో బడి పోయిందో ఎవరు లెక్కగట్టారు?

యుద్ధజాతి సిద్ధాంతానికి జవాబు కూడా ఇంగ్లీషోడి ప్రయోగశాలలోనే దొరికింది. 1920లలో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే మిలటరీ డాక్టరు ఎలకల మీద ఒక పరీక్ష చేశాడు. అన్నీ ఒకే జాతి ఎలకలు. ఒక గుంపుకి సిక్కులు తినే తిండి పెట్టాడు. గోధుమ రొట్టెలు, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు, అప్పుడప్పుడు మాంసం. ఒక గుంపుకి పఠాన్ల తిండి, ఒకదానికి మరాఠీల తిండి, అట్టా ఏడు రకాలు. చివరి గుంపుకి మద్రాసోళ్ల తిండి, ఎక్కువగా బియ్యం. కొన్నాళ్లకి తూచాడు. సిక్కు తిండి తిన్న ఎలకలు సగటున 235 గ్రాములు. మద్రాసు తిండి తిన్నవి 155. ఎలకల్లో జాట్లూ లేరు, మాదిగలూ లేరు. జాతి ఒకటే, తేడా పళ్లెంలోనే. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకి మారి, ఆ తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. నేను బడిలో ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ రెండు అంకెలు బోర్డు మీద రాసి కాసేపు ఊరుకుంటా. వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు అంటాడు: "అయితే మనం ఎలకలకంటే ఏం తక్కువ కాదన్నమాట సార్." నవ్వుతారు. అర్థమవుద్ది వాళ్లకి.

రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక సిద్ధాంతాన్ని పక్కన పెట్టారు. 1920లలో రద్దు చేసిన మద్రాసు పటాలాన్ని మళ్లీ లేపారు. 1941 అక్టోబరులో బెల్గాంలో మహార్ రెజిమెంట్ పెట్టారు. 1943లో చమార్ రెజిమెంట్ పెట్టి, అవసరం తీరాక 1946లో తీసేశారు. మా చిన్నతాత అప్పుడే పయనీరు దళంలో చేరి బర్మా వైపు రోడ్ల పనికి పోయాడు. పోయేటప్పుడు ఆయన చొక్కాలో ఇద్దరు పట్టేవాళ్లంట. తిరిగొచ్చేసరికి పాత చొక్కా ఆయనకి పట్టలేదు. "రోజూ రెండు పూటలా కూరతో అన్నం పెట్టారురా, ఏడాది తిరిగేసరికి మనిషినయ్యా" అనేవాడు. మెక్‌కారిసన్ ఎలకలతో చెప్పిన మాటే మా చిన్నతాత ఒళ్లు చెప్పింది. ఊళ్లోకి రాగానే మాత్రం పెద్దబజారులో బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నడవమన్నారు. ఆయన చుట్టూ తిరిగి చెరువుకట్ట మీదనుంచి పల్లెకొచ్చాడు. ఆ బూట్లు విప్పలేదు.

తిండే కాదు, నీళ్లు కూడా మమ్మల్ని కొలతలో తప్పించాయి. మాతో గుంటూరొచ్చిన నలుగురిలో ఒకడు మా మేనత్త కొడుకు, దర్శి వైపు వాడు. నాకంటే బలంగా ఉండేవాడు. మడమలు కలిపి నిలబడమంటే మోకాళ్లు ఒకదానికొకటి తగిలినాయి. 'నాక్ నీ' అని రాసి పంపేశారు. వాడి పళ్లమీద చిన్నప్పటినుంచి పసుపుచారలు. ఆ నీళ్ల సంగతి ఎవరికీ తెలియంది కాదు. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో ఫ్లోరిన్ జబ్బు ఉందని ప్రకటించారు. ఈ దేశంలో ఆ జబ్బు గురించి వచ్చిన మొదటి నివేదిక అదే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970లో కదా ప్రకాశం జిల్లా ఏర్పడింది. 1973లో పోషకాహార సంస్థ డాక్టర్లు నల్గొండ వైపు ఫ్లోరిన్ నీళ్లు తాగే ఊళ్లల్లో మోకాళ్లు లోపలికి వంగే జబ్బు గురించి రాశారు. 1937కీ, మా వాడు గ్రౌండులో నిలబడ్డ 1992కీ మధ్య యాభై అయిదేళ్లు. ఈ యాభై అయిదేళ్లు మంచినీళ్లు ఎవరి వీధి దాకా వచ్చి ఆగాయో మీరే ఆలోచించండి.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. కుడి కాలవ కింద మెట్ట మాగాణయింది. భూమి ఉన్నోడికి పత్తి వచ్చింది, మిరప వచ్చింది, మేడలు లేచాయి. మాకు పని వచ్చింది, కాదనను. కానీ మా నాయనమ్మ కాలంలో కూలికి జొన్నలూ సజ్జలూ వచ్చేవి. పత్తికోతకి పత్తి తినలేం కదా. మిరపకళ్లంలో తాలుకాయ ఏరే ఆడవాళ్లకి డబ్బులే ఇచ్చారు. ఆ డబ్బుల్తో కొనుక్కుంది నూకలు. కొత్త పంటలతోటే మందులొచ్చాయి. ముక్కుకి గుడ్డ కూడా లేకుండా మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ కొట్టాం. కొట్టిన రోజు రాత్రి అన్నం సయించదు. వాంతులు, కళ్లు మసకలు. 1987లో తెల్లదోమ పత్తిని నాశనం చేస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన రైతులు అదే మందు తాగి చచ్చారు. వాళ్ల చావు పేపర్లో వచ్చింది, రావాల్సిందే. ఆ మందు రోజూ కొంచెం కొంచెం పీల్చిన కూలోడి బరువు ఎంత తగ్గిందో ఏ పేపరూ రాయలేదు.

ఇంత జరిగాక ఇంకో మాట వినాల్సొచ్చింది. 1982లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త, పేదదేశాల్లో పొట్టిగా ఉన్నోళ్లలో చాలామంది 'చిన్నవాళ్లే గాని ఆరోగ్యవంతులే' అన్నాడు. వినటానికి బాగుంది. దానికి గట్టిగా అడ్డం తిరిగినవాడు డాక్టర్ సి.గోపాలన్. పోషకాహార సంస్థకి డైరెక్టరుగా చేసిన మనిషి. పొట్టితనం తిండిలేమి మిగిల్చిన గుర్తు, దాన్ని ఆరోగ్యమంటే పేదరికాన్ని ఒప్పుకోవటమే అన్నాడు. గుంటూరు గ్రౌండులో మమ్మల్ని పనికిరారన్నారు. సిద్ధాంతాల్లో మీరు బాగానే ఉన్నారన్నారు. అక్కడ ఉద్యోగం పోయింది, ఇక్కడ తిండి పోయే ప్రమాదం వచ్చింది.

మారలేదా అంటే కొంత మారింది. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది, కడుపు నిండింది. కడుపు నిండటం వేరు, కండ పట్టటం వేరు. 2001 నవంబరులో బడిపిల్లలకి వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు ఆర్డరిచ్చింది. 2003లో మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది, తర్వాత గుడ్డు వచ్చింది. వంటకి దళిత స్త్రీల్ని పెట్టినచోట కొందరు పెద్దలు తమ పిల్లల్ని పంపమన్నారు. మా పిల్లలు తిన్నారు. మా చెల్లెలి కొడుకు ఆ గుడ్డు తిని పెరిగినోడు. వాడి ఎత్తు 171, బరువు 59. నా రక్తమే, నా జాతే. అయిదు సెంటీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయి?

వాడు 2023లో మిలటరీకి ఎంపికయ్యాడు. మా పల్లెనుంచి చిన్నతాత తర్వాత వాడే. కానీ వాడు పోయింది అగ్నివీరుగా. 2022 జూన్‌లో ప్రకటించిన ఈ పథకంలో నాలుగేళ్లే కొలువు. ఆ తర్వాత నలుగురిలో ఒకణ్ణి మించి ఉంచుకోరు. పెన్షను లేదు. మా ఒళ్లు అంకెకి అందిన తరంలోనే అంకె ఇంకోచోటికి జరిగింది. "మామా, నేను ఆ ఒక్కణ్ణి అవుతా చూడు" అంటాడు ఫోనులో. అవుతాడేమో. మిగతా ముగ్గురు కూడా ఎవరో ఒక తల్లి కన్నోళ్లే.

అమ్మా, నువ్వు ఎగ్గొట్టింది ఏం లేదు. నందన కరువునుంచి మిరపకళ్లం దాకా నీ వాటా కొలిచిన కుంచాలన్నింటి అడుగూ పైకే ఉంది. నా తూకంలో తేలిన రెండున్నర కిలోలు ఆ కుంచాల్లో పోయినయ్యి.

ఇది చదివిన మన పిల్లలకి ఒక పని చెప్తా. కాలవకట్ట మీద పరుగులు తియ్యండి, మంచిదే. తిరిగొచ్చేటప్పుడు మీ పల్లెలో అంగన్‌వాడీ కాడ ఆగండి. కడుపుతో ఉన్న ఆడపిల్లలకి ఈ నెల గుడ్లు ఎన్ని రోజులు వచ్చాయో, ఎన్ని రోజులు రాలేదో అడిగి ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని మండలాఫీసుకి పోండి. పద్దెనిమిదేళ్ల తర్వాత జరగబోయే సెలక్షన్ అక్కడ ఇప్పటికే మొదలైంది.